గడపకు మొక్కిన చుక్కోడు

లోకంలో అభిమానులు ఒకరికొకరు ఎదురుపడితే చేతులు కలుపుతారు, లేకుంటే కావలించుకుంటారు. ‘గండిలో రాలిన చుక్క’ అభిమానులు మాత్రం వంగుతారు. కుడిచేత్తో నేలను తాకి, ఆ చేతిని కుడికంటికీ ఎడమకంటికీ అద్దుకుని, చివరకు గొంతు కింద ఆనించుకుంటారు. ప్రొద్దుటూరు బస్టాండులో ఇద్దరు పిల్లకాయలు ఎదురెదురుగా నిలబడి ఈ పని చేస్తుంటే, బజ్జీల బండి ఆమె వాళ్లకేదో పడిపోయిందనుకుని, పాపం తనూ వంగి వెతికిందట. తెలియనివాళ్లకు ఇది పిచ్చి. తెలిసినవాళ్లకు ఇంకొంచెం పెద్ద పిచ్చి.

కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో జమ్మలమడుగు ఆపరేటరు అబ్దుల్ వాహిద్ పెళ్లిళ్లకు వాడే కెమెరాతో తీసి, తన కేబుల్‌లోనే వేసుకున్న సీరియల్ అది. గండికోట లోయలో ఒక చుక్క రాలుతుంది. అందులోంచి ఒకడు లేస్తాడు. ఒంటినిండా నల్ల కంబళి, కళ్ల చోట రెండు టార్చిలైటు అద్దాలు. వాడి పేరు చుక్కోడు. చుక్క అంటే ఆకాశంలో చుక్క. మీకు ఇంకో చుక్క గుర్తొస్తే అది మీ అలవాటు. చుక్కోడు రక్తం తాగడు, వెలుగు తాగుతాడు. వాడు తాగిపోయిన ఇంట్లో బల్బులు మళ్లీ వెలుగుతాయి గానీ, ఆ ఇంటివాళ్లు ఒకరి మొహం ఒకరు గుర్తుపట్టలేరు. పెళ్లాం సొంత మొగుణ్ణి చూసి, “ఎవరప్పా నువ్వు, యాడికొచ్చినావు?” అంటుంది. ఆ ఒక్క మాటకు ఆ కాలంలో ఎంతమంది పిల్లలు పక్క తడిపారో జమ్మలమడుగు చాకలివాళ్లను అడగాలి.

తర్వాత పెద్ద చానళ్లు వచ్చాయి. అందరూ దాన్ని మరిచిపోయారు. వాహిద్ పోయాక ఆయన కొడుకు నాసిర్ అటక మీది క్యాసెట్లు దులిపి, యూట్యూబులో పెట్టాడు. ఊరివాళ్లు నలుగురు చూసి నవ్వుకుంటారనుకున్నాడు. బెంగళూరు నుంచి, విశాఖ నుంచి, ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చిపడ్డారు. భయపెట్టే సినిమాలూ గ్రహాంతరవాసుల సీరియళ్లూ తప్ప అన్నం సహించని జనం అది. వాళ్లకొక గ్రూపు ఏర్పడింది. దానికి అడ్మిన్ ప్రొద్దుటూరి పిల్ల తనూజ.

వాళ్లందరికీ పూనకం తెప్పించేది ఒకే ఒక్క సీను. చుక్కోడు వెలుగు తాగడానికి ప్రొద్దుటూరులో ఒక బంగారు అంగడికి వస్తాడు. వెనక ఎవరో తపేలా మీద గరిటెతో వాయిస్తుంటారు. అంగడి యజమాని బల్ల కింద దాక్కుని వణుకుతుంటాడు. చుక్కోడు షట్టరు ఎత్తుతాడు. ఇక లోపలికి దూకాలి. దూకడు. గడప దగ్గర ఆగి, వంగి, గడపను తాకి, కుడికంటికి, ఎడమకంటికి, గొంతుకు ఆనించుకుని, అప్పుడు లోపలికి పోయి ఘోరంగా వెలుగు తాగేస్తాడు. వాహిద్ దాన్ని కత్తిరించలేదు. ఎందుకు కత్తిరించలేదో చెప్పడానికి ఆయన లేడు. చుక్కోడి వేషం కట్టిందెవరో కూడా తెలియదు. పేర్లు వేసే చోట ‘చుక్కోడు’ అని రాసి, ఎదురుగా ప్రశ్నార్థకం గీసి ఊరుకున్నాడు.

దీనిమీద గ్రూపులో జరగని యుద్ధం లేదు. ఆ గ్రహంలో కూడా దేవుడున్నాడని చెప్పడమే దర్శకుడి ఉద్దేశమని ఒక వర్గం. అదంతా ఏం కాదు, వేషగాడు కెమెరా ఉందని మరిచిపోయాడు, అంతే, అని ఇంకో వర్గం. ఈ రెండో వర్గానికి నాయకుడు ప్రతాప్. తొండూరు దగ్గర పల్లె వాడిది, పులివెందులలో సెల్‌ఫోన్ల అంగడి. గడపకు మొక్కుతున్న చుక్కోడి బొమ్మ కింద ‘బోణీ చేయండి సార్’ అని రాసి వాడు చేసిన స్టిక్కరు దేశాలు తిరిగింది. కళ్లకు అద్దుకోవడం సరే, గొంతు దగ్గర చెయ్యి దేనికి? ఆ ముడి విప్పింది తనూజే. ఆ జీవికి ఊపిరి తీసుకునే రంధ్రం గొంతు దగ్గరుందని, ఇంటి లోపలి గాలి తనకు పడుతుందో లేదో చూసుకుంటున్నాడని ఆమె పెద్ద వ్యాసం రాసింది. జనం ఆహా అన్నారు. తెలివి ఎక్కువైతే ఇట్లాంటి వ్యాసాలే పుడతాయి.

హైదరాబాదులో ఉదయ్‌కిరణ్ అని, ఇట్లాంటి వింత సినిమాల గురించి వీడియోలు చేసే అతను ఆ వ్యాసం చదివి తనూజకు ఫోను చేశాడు. అతని వీడియోలకు లక్షల్లో చూసేవాళ్లున్నారు. “మీరు బాగా రాస్తున్నారండీ, మా చానల్‌కి రాస్తారా?” అన్నాడు. అప్పటినుంచి తనూజ కాళ్లు నేలమీద లేవు. అతను మీ నాన్నగారేం చేస్తారని అడిగితే ‘బులియన్ వ్యాపారం’ అంది. బంగారు వీధిలో నలుగురు మనుషులు పక్కపక్కన నిలబడితే నిండిపోయే వెండి అంగడిని బులియన్ అనొచ్చని వాళ్ల నాయన నాగేశ్వరయ్యకు ఎప్పుడూ తోచలేదు. ఒకరోజు ఉదయ్‌కిరణ్ వాయిస్ మెసేజి పెట్టాడు. “తనూజగారూ, చుక్కోడి నడక గమనించారా? అచ్చం కిరాణాకొట్టు శెట్టిగారు తక్కెడ దగ్గరికి వెళుతున్నట్టుంది.” తనూజ దానికి కళ్లలో నీళ్లొచ్చేట్టు నవ్వే బొమ్మలు వరసగా పంపింది.

ఆ ఆదివారం ఉదయ్‌కిరణ్ జమ్మలమడుగు వస్తున్నాడు. నాసిర్ వాళ్ల మిద్దెపైన, పాత కేబుల్ గదిలో అభిమానులందరూ కూడి సీరియల్ చూస్తారు, అతను వీడియో తీసుకుంటాడు. ఈ సంగతి ఇంట్లో తెలిసినప్పటినుంచి నాగేశ్వరయ్య వరస మారింది. కూతురి సీరియళ్ల పిచ్చిని ఏనాడూ పట్టించుకోని మనిషి, మధ్యాహ్నం అన్నం తింటూ అడిగాడు.

“మీ గ్రూపులో ఆ చుక్కోని గురించి ఏమనుకుంటాండారు పాపా?”

“నవ్వుకుంటాండారు నాయనా.”

“మంచిగా నవ్వుకుంటాండారా, ఎగతాళిగానా?”

“ఏదైతే ఏంది? రెండూ ఒకటే గదా.”

“రెండూ ఒకటి గాదులేమ్మా,” అని ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

శనివారం తనూజ అంగట్లో కూర్చుని కంప్యూటరులో పోస్టరు తయారుచేస్తోంది. గడపకు మొక్కే సీనును ఆపి, బొమ్మను పెద్దది చేసింది. కంబళి కొంచెం జారి చెయ్యి కనిపిస్తోంది. ఇంకా పెద్దది చేసింది. చిటికెనవేలు బయటికి వంకర తిరిగి ఉంది.

అప్పుడే ఎదురుగా బల్ల దగ్గర నాగేశ్వరయ్య ఒక ముసలమ్మకు కాళ్ల కడియాలు చూపిస్తున్నాడు. కుర్రతనంలో షట్టరు కింద పడి నలిగిన చిటికెనవేలు ఆ కడియం పక్కన వంకరగా నిలబడింది. తనూజ బొమ్మను చూసింది, వేలిని చూసింది. మళ్లీ బొమ్మను చూసింది.

బంగారు వీధిలో పొద్దున అంగడి తెరిచే ప్రతి మనిషీ గడపకు మొక్కే లోపలికి పోతాడు. సూర్యుడు తూర్పున లేచినట్టే, దాన్ని ఎవరూ ప్రత్యేకం చూడరు. నాగేశ్వరయ్య ఇంకొక్కటి ఎక్కువ చేస్తాడు. కళ్లకు అద్దుకున్న చేతిని గొంతు కింద తాడుకు కట్టిన అమ్మవారి బిళ్లకు ఆనిస్తాడు. చిన్నప్పుడు జబ్బుచేసి బతికినప్పుడు వాళ్లమ్మ కట్టిన బిళ్ల అది. తనూజ పుట్టినప్పటినుంచి రోజూ చూసింది. రోజూ చూసి, ఊపిరి తీసుకునే రంధ్రమని వ్యాసం రాసింది. పెరటిచెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు.

కంప్యూటరు మూసి ఇంటికి పోయింది. వాళ్లమ్మ ధనలక్ష్మి వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

“అమ్మా, చుక్కోడు నాయనేనా?”

ధనలక్ష్మి చెయ్యి ఆగలేదు. “ఇప్పుడు తెలిసిందా నీకు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు ఎప్పుడన్నా అడిగినావా? పెండ్లికి ముందు సంగతిలే. వాహిదన్నా మీ నాయనా ఒకే బెంచీలో చదువుకున్యారు. అంగడికని చెప్పి గండికోటకు పోయేవాడంట. మీ తాతకు తెలిసింటే ఆ అంగడి గడప తొక్కనిచ్చేటోడు గాదు. శెట్టి కొడుకు వేషాలేస్తాండాడంటే బేరానికెవరొస్తారనేటోడు. అందుకే పేరు వేయొద్దని వాహిదన్న దగ్గర ఒట్టు పెట్టించుకున్యాడు.”

“మరి ఇప్పుడు?”

“ఇప్పుడు మీ తాత లేడు గదా. రేపు జమ్మలమడుక్కొస్తానంటాండాడు. తెల్లచొక్కా ఇస్త్రీకిచ్చినాడు.”

‘బోణీ చేయండి సార్’ తనూజ కళ్లముందు ఆడింది. కిరాణాకొట్టు శెట్టిగారు, ఆయన నడక, తను పంపిన నవ్వు బొమ్మలు, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. రేపు అందరి ముందూ, కెమెరా ముందూ, ఉదయ్‌కిరణ్ ముందూ ఆ వంకర చిటికెనవేలు బయటపడుతుంది. బులియన్ వ్యాపారి కూతురు కాస్తా కంబళి కప్పుకున్న శెట్టిగారి కూతురవుతుంది. నిజం చెప్పాలంటే తండ్రిని నవ్వుతారేమో అన్న బాధకన్నా, తనను నవ్వుతారేమో అన్న భయమే ఆ పిల్లకు ముందు పుట్టింది.

“రావద్దని చెప్పుమా,” అంది.

“నాకేం పని? నీ నాయన. నువ్వే చెప్పు.”

చెప్పలేకపోయింది. ఆదివారం ఆయన పూజలో ఉండగానే, చెప్పకుండా బస్సెక్కి పోయింది. తను లేకుంటే ఆయన ఒక్కడే రాడులే అనుకుంది. ఎదురుగా చెప్పలేనివాళ్లు ఇట్లాంటి లెక్కలే వేసుకుంటారు.

నాసిర్ వాళ్ల పాత కేబుల్ గదికి కడప బండ గడప. గోడకు తెల్ల దుప్పటి కట్టారు. జంపఖానాల మీద అభిమానులు కిక్కిరిసి కూర్చున్నారు. వచ్చిన ప్రతివాడూ గడప దగ్గర వంగడం, లోపలివాళ్లు “ఎవరప్పా నువ్వు, యాడికొచ్చినావు?” అని కోరస్‌గా అరవడం, వచ్చినవాడు తనకూ సీరియల్‌కూ ఉన్న చుట్టరికం చెప్పడం. అది వాళ్ల పద్ధతి. ఒకడు, చిన్నప్పుడు చుక్కోడికి భయపడి ముద్దనూరులో మేనత్త ఇంటికి పారిపోయానన్నాడు. ఇంకొకామె, గండికోట సీనులో వెనక పోయే ఆటో మా బాబాయిదంది. ఉదయ్‌కిరణ్ పెద్ద కెమెరా బిగించుకుని అన్నీ తీస్తున్నాడు. పొడుగ్గా, ఒద్దికగా ఉన్నాడు. తనూజను చూసి, “మీవల్లే వచ్చానండీ,” అన్నాడు. ఇంకో రోజైతే ఆ మాట మీదే తనూజ నెలరోజులు బతికేది.

ప్రతాప్ లేచి ఛాతీ విరిచాడు. “చుక్కోడి ఒంటిమీది కంబళి మా అబ్బ గురప్పది. మా గొర్రెల బొచ్చుతో నేసిందది. వాహిద్ మామ అడిగితే మా అవ్వ చిన్నసుబ్బమ్మ పెట్టెలోంచి తీసిచ్చినాది. అంటే ఏందన్నట్టు? చుక్కోడి చర్మం మాదే.”

గది దద్దరిల్లేట్టు చప్పట్లు కొట్టారు. గొర్రెలు కాచుకునే తాత పేరు చెప్పడానికి వాడికి నామోషీ లేదు. తనూజ కూడా చప్పట్లు కొట్టింది. కొడుతూ ఉండగానే గడప దగ్గర తెల్లచొక్కా కనిపించింది.

నాగేశ్వరయ్య ఒక చేత్తో మిఠాయి పెట్టె, ఒక చేత్తో గుడ్డసంచి పట్టుకుని నిలబడ్డాడు. చేతులు ఖాళీ లేవు కాబట్టి మొక్కడం కుదరలేదు. తల దువ్వుకుని, పౌడరు కూడా కొంచెం రాసుకుని వచ్చాడు. ఆయనెవరో ఎవరికీ తెలియదు. జనం అలవాటుగా అందుకున్నారు.

“ఎవరప్పా నువ్వు, యాడికొచ్చినావు?”

నాగేశ్వరయ్య మొహం విచ్చుకుంది. ఆ మాట ఆయన వేషం కట్టిన కథలోది. తన ముందు వాహిద్ ఎన్నిసార్లో చెప్పించి తీసిన మాట. ఇంతమంది నోటివెంట వింటున్నాడు. మిఠాయి పెట్టె గోడవార పెట్టి, సంచి మూతి విప్పబోతూ, “నేనా? నేను…” అన్నాడు.

“మా నాయన,” అంది తనూజ. ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలియదు. “నన్ను పిల్చుకపోడానికి వచ్చినాడు. ఆయనకు ఇవేం తెలీవు.”

గదిలో ఎవరికీ ఏమీ అనిపించలేదు. కూతురి కోసం తండ్రి వచ్చాడు, అంతేగదా. నాగేశ్వరయ్య ఒక్కడే కూతురి మొహంలోకి చూశాడు. కొంచెంసేపు, అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. సంచి మూతి మళ్లీ చుట్టాడు.

“ఔనప్పా. నాకేం తెలీదు. పాపకోసం వచ్చినా,” అన్నాడు.

“రాండి మామా, ఇట్ల కూచోండి,” అని నాసిర్ ఆయనకు గోడవార కుర్చీ వేశాడు. ఆయన సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

సీరియల్ వేశారు. గండికోట లోయ, చుక్క, కంబళి. జనం ప్రతి మాటకూ ముందే మాట అందిస్తూ, తపేలా మోతకు చప్పట్లతో తాళం వేస్తూ ఊగిపోయారు. తనూజ తెరను చూడలేదు. చూడకూడదనుకుంటూనే గోడవార చూసింది. నాగేశ్వరయ్య తెరను చూడ్డంలేదు, జనాన్ని చూస్తున్నాడు. నవ్వుతున్నవాళ్ల మొహాలు ఒక్కొక్కటీ చూస్తున్నాడు, అది మంచి నవ్వో ఎగతాళో తేల్చుకుంటున్నట్టు. తేల్చుకున్నట్టే ఉంది. ఆయన పెదవులు కూడా కొంచెం నవ్వుతున్నాయి.

గడప సీను వచ్చింది. అందరూ గొల్లుమన్నారు. ఉదయ్‌కిరణ్ చెయ్యెత్తి ఆపమన్నాడు. చుక్కోడు వంగి ఉన్న బొమ్మ తెరమీద నిలిచిపోయింది. ఇప్పుడు తక్కెడ, నడక, శెట్టిగారు అంటాడు అనుకుంది తనూజ.

“మొదట్లో నేనూ దీనికి నవ్వాను,” అన్నాడు ఉదయ్‌కిరణ్. “ఒక చెత్త జోకు కూడా వేశాను, తనూజగారికి తెలుసు. ఆ తర్వాత ఇది మళ్లీ మళ్లీ చూశాను. నేను చాలా దేశాల దయ్యాలను చూశానండీ. తలుపులు విరగ్గొట్టుకుని వచ్చేవే అన్నీ. చంపడానికి వస్తూ కూడా గడపకు మొక్కి లోపలికొచ్చిన దయ్యాన్ని ఎక్కడా చూడలేదు. వేషం వేసుకున్నా ఆ మనిషి లోపలి మర్యాద పోలేదు. ఆయన మరిచిపోయి చేశాడంటారు కొందరు. మరిచిపోయినా చేసేదే కదండీ అసలు మనిషంటే. నేను ఈ వీడియో తీయడానికి రాలేదు నిజంగా. ఆయన ఎవరో తెలిస్తే ఒకసారి దణ్ణం పెట్టుకుందామని వచ్చాను. జోకు వేసినందుకు క్షమించమని అడుగుదామని వచ్చాను.”

ప్రతాప్ తల గోక్కున్నాడు. “మేం శానా నవ్వినాంలే సార్. గానీ మాకూ వాడంటే ప్రాణం,” అన్నాడు.

“ఎవరికన్నా తెలుసా? ఈ ఊళ్లో అప్పట్లో ఉన్నవాళ్లు…” ఉదయ్‌కిరణ్ చూపు పెద్ద వయసు వాళ్ల కోసం వెతికి, నాగేశ్వరయ్య దగ్గర ఆగింది. “మీరేమైనా విన్నారా సార్?”

తనూజ తండ్రి వైపు చూసింది. చెప్పు నాయనా, అనుకుంది. ఆయన నోట వస్తే తను చెప్పే పని తప్పుతుంది. ఒక్కమాట చాలు, తను లేచి ‘ఈయనే’ అనొచ్చు. కానీ ఇందాక ‘ఆయనకు ఇవేం తెలీవు’ అన్న నోటితో ఇప్పుడు ‘ఈయనే’ అంటే, ఇందాక ఎందుకట్లా అన్నావని అడుగుతారు. అడిగితే ఏం చెప్పాలి? సిగ్గుపడి దాచానని చెప్పాలి. ఆ సిగ్గు దాచుకోవడానికి ఇంకా గట్టిగా మూసుకుంది నోరు. సిగ్గుకు సిగ్గే తోడు, ఒకదాని వెనక ఒకటి.

“లేదు సార్,” అన్నాడు నాగేశ్వరయ్య. “వాహిద్ మంచోడు. అంతవరకే తెలుసు నాకు.”

ఉదయ్‌కిరణ్ నిట్టూర్చి గడప దగ్గరికి పోయాడు. “ఆయన ఎక్కడున్నా సరే,” అని వంగి, ఆ కడప బండను తాకి, కళ్లకు అద్దుకుని, గొంతుకు ఆనించుకున్నాడు. అతని వెనకే గదిలో అందరూ వంగారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్రతాప్ కూడా నవ్వలేదు. అందరి చేతులూ గొంతుల దగ్గర ఉన్నాయి. నాగేశ్వరయ్య ఒక్కడే కదలకుండా కూర్చున్నాడు. కుడిచేతిని సంచి కిందికి, వంకర చిటికెనవేలు కనిపించకుండా, దోపుకున్నాడు. తనూజ అది చూసింది. తల కొట్టేసినట్టు అంటారే, ఆ మాటకు అర్థం ఆమెకు అప్పుడు తెలిసింది.

ఎండ తగ్గకముందే తండ్రీకూతుళ్లు స్కూటరు మీద ప్రొద్దుటూరికి బయల్దేరారు. ఆయన సంచిని తనూజకిచ్చి పట్టుకోమన్నాడు. లోపల గట్టిగా, గుండ్రంగా ఏవో చేతికి తగిలాయి. విప్పి చూడాల్సిన పని లేదు. టార్చిలైటు అద్దాలు. ఇన్నేళ్లు ఎక్కడ దాచాడో, ఈరోజు తుడిచి తెచ్చాడు. అద్దాల చుట్టూ నల్ల కంబళి ముక్క మెత్తగా తగులుతోంది. గురప్ప ఇంటివాళ్లెవరన్నా వస్తే ఇవ్వాలనుకున్నాడో ఏమో.

ఊరు దాటాక ఆయన వెనక్కి తిరక్కుండా అడిగాడు. “ఎప్పుడు తెలిసింది పాపా?”

“నిన్న.”

“ఊ,” అన్నాడు. కొంతదూరం పోయాక, “ఆ హైదరాబాదు పిల్లోడు బాగా మాట్లాడినాడు,” అన్నాడు. దోవ పొడుగునా తనూజ ఒకే మాట నాలుక చివరిదాకా తెచ్చుకుని, గాలికి కొట్టుకుపోతుందని సాకు చెప్పుకుని, మింగేసింది.

సోమవారం పొద్దున తనూజ కూడా అంగడికి వచ్చింది. రమ్మని ఎవరూ అనలేదు. రాత్రంతా గ్రూపులో ఉదయ్‌కిరణ్ మాటలమీద పొగడ్తలు పడుతూనే ఉన్నాయి. ‘ఆ మహానుభావుడు ఎవరో’ అని బెంగళూరు నుంచి ఎవరో రాశారు. ప్రతాప్ తన స్టిక్కరు తీసేస్తున్నానని రాశాడు. అడ్మిన్ మాత్రం ఏమీ రాయలేదు. నాయనతో మాట్లాడి, ఆయన సరేనంటే, తనే పేరు చెప్పాలనుకుంది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, ఆయన గడపకు మొక్కేదాకా ఆగుదామనుకుంది. ఆ మొక్కు చూస్తే మాట దానంతటదే వస్తుందని.

వీధిలో షట్టర్లు లేస్తున్నాయి. అటుపక్క అంగడివాడు వంగాడు, ఇటుపక్కవాడు వంగాడు. నాగేశ్వరయ్య తాళం తీసి, షట్టరు ఎత్తి, తాళాన్ని కొక్కేనికి తగిలించాడు. ఆయన నడుము అలవాటు కొద్దీ సగం వంగింది. చెయ్యి గడప దాకా పోయింది. అక్కడ ఆగింది. ఆయన వీధి అటూ ఇటూ చూసి, నడుము ఎత్తి, గడప దాటి లోపలికి పోయాడు.

“నాయనా, మొక్కలేదు నువ్వు.”

“ఊరూరా పిల్లకాయలు అదే చేస్తాండారు గదమ్మా ఇప్పుడు.” ఆయన దీపం కుందిలో నూనె పోస్తూ మామూలుగా చెప్పాడు. “గొంతుకాడ చెయ్యి పెట్టేది నేనొక్కన్నే. ఎవరన్నా చూస్తే గుర్తుపడ్తారు. మళ్లా నీకు నామోషీ.”

ఆ మాటలో కోపం లేదు. దెప్పడం కూడా లేదు. కూతురికి ఎండ తగులుతుందని గొడుగు పట్టినట్టు అన్నాడు, అంతే. కోపం ఉండుంటే తనూజ తట్టుకుని ఉండేది.

“దోవలో నిలబడితే బేరమెట్లొస్తాది? లోపలికి రామ్మా,” అన్నాడు ఆయన అగ్గిపుల్ల గీస్తూ.

తనూజ వంగి గడపను తాకింది. ఆ చేతిని కళ్లకు అద్దుకోడానికి ఆమెకు మొహం చెల్లలేదు.